సెమీ క్రిస్మస్ వద్దు, ఆగమన కాలం కావాలి



ఈ వారం మేము రాసేది కొందరికి నచ్చదు. అయినా రాయక తప్పదు.

పోయిన ఏడాది నవంబరు చివర్లో మేము అమీర్‌పేట వెళ్లాము. మన పాస్టరేట్ పిల్లలు అక్కడి హాస్టళ్లలో ఉంటున్నారు కదా, వాళ్లను చూసి ప్రార్థన చేసి వద్దామని. డోర్నకల్ జంక్షన్‌లో రైలెక్కి, సికింద్రాబాదులో దిగి, మెట్రోలో అమీర్‌పేట చేరాము. ఆ సందుల్లో ఖాళీ గోడ ఒక్కటి కనబడలేదు. కోచింగ్ బోర్డులు, హాస్టల్ బోర్డులు, కర్రీ పాయింట్ బోర్డులు. ఒక్కో గదిలో నలుగురైదుగురు. ఒకడు నోటిఫికేషన్ కోసం చూస్తున్నాడు. ఒకతె ఇంటర్వ్యూ కబురు కోసం చూస్తోంది. ఇంకొకడు రాసిన పరీక్ష ఫలితం కోసం. అది కోచింగ్‌ల ఊరని అందరూ అంటారు. మాకు మాత్రం ఎదురుచూపుల ఊరిలా కనిపించింది.

ఆ సాయంత్రం పిల్లలు మమ్మల్ని పంజాగుట్ట వైపు ఒక ఫంక్షన్ హాలుకు తీసుకువెళ్లారు. సెమీ క్రిస్మస్. అప్పటికి ఆగమన కాలపు మొదటి ఆదివారమే రాలేదు! లోపల రంగురంగుల లైట్లు, పొగ, మనిషి ఎత్తు సౌండ్ బాక్సులు. పాట లాప్‌టాప్‌లో నుండి వస్తోంది. వేదిక మీదివారు దానితో పాటు పాడుతున్నారు. ఎవరి గొంతు ఏదో, మాట ఏదో తెలియలేదు. కేకు కోశారు. మీ విడుదల వచ్చేసింది, గట్టిగా చప్పట్లు కొట్టండి అన్నారు. కొట్టారు.

మా పక్కన మన సంఘపు కుర్రవాడు ఒకడు నిలబడ్డాడు. రెండేళ్లు చదివి రాసిన పరీక్షలో తన నంబరు లేదని ఆ మధ్యాహ్నమే తెలిసింది. వాడూ చప్పట్లు కొడుతున్నాడు. తిరిగి నడిచి వస్తుంటే అడిగాము, ఏం బాబూ, ఎలా ఉన్నావు అని. వాడన్నాడు: "అయ్యగారూ, అక్కడ అందరూ ఎగురుతున్నారు. నాకు ఏడవడానికి చోటు దొరకలేదు."

ప్రియులారా, ఏడాదిగా ఆ మాట మమ్మల్ని వదలడం లేదు. ఏడ్చేవాడికి చోటు లేని ఆరాధన ఎవరి కోసం?

ఆ చోటును మన పెద్దలు కట్టి ఇచ్చారు. దాని పేరే సంఘ సంవత్సరం. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు ఆగమన కాలం, మనం అడ్వెంట్ అనేది. బల్ల మీద ఊదారంగు బట్ట పరుస్తాము. అది పండుగ రంగు కాదు, పశ్చాత్తాపానికీ ఎదురుచూపుకీ గుర్తు. తర్వాత క్రిస్మస్, తెలుపు. తర్వాత ప్రత్యక్షత పండుగ. తర్వాత లెంట్, మళ్లీ ఊదా. పాత పద్ధతిలో లెంట్ నలభై రోజులూ హల్లెలూయ పాడరు. నాలుక మీద ఉన్న మాటను అన్ని రోజులు ఆపుకొని ఈస్టర్ తెల్లవారి విడిచిపెడితే, ఆ హల్లెలూయ బరువు వేరు. ఏడాది పొడవునా ప్రతి పాటలో హల్లెలూయ అంటూ ఉంటే ఈస్టర్ రోజున కొత్తగా ఏమి పాడతాము?

లూకా సువార్త మొదటి రెండు అధ్యాయాలు చదవండి. క్రిస్మస్ పాటలన్నిటికీ తల్లివేరు అక్కడుంది. అక్కడ పాడినవారు ఎవరు? జెకర్యా నెలల తరబడి మూగవాడై ఉండి, బిడ్డ పుట్టి పేరు పెట్టే రోజున నోరు తెరిచాడు. మరియ గర్భం మోస్తూ పాడింది. సుమెయోను మెస్సీయను చూడకుండా చావడన్న వాగ్దానం పట్టుకొని ముసలివాడై పాడాడు. అందరూ ఎదురుచూసినవారే. ఆంగ్లికన్ కేథడ్రళ్లలో సాయంకాల ఆరాధనలో క్వయర్ పాడేది ఈ మరియ పాటనూ ఈ సుమెయోను పాటనే. పండుగకు మాత్రమే కాదు, మామూలు మంగళవారం కూడా, వినడానికి ముగ్గురే వచ్చినా పాడతారు. అమీర్‌పేట గదిలో ఫలితం కోసం కూర్చున్న పిల్లవాడికి ఈ పాటలు కావాలి. మనం వాడికి కేకు ముక్క ఇచ్చి పంపిస్తున్నాము.

ఇక్కడ కొందరు వెంటనే అంటారు: "ఇవన్నీ తెల్లదొరల ఆచారాలు అయ్యగారూ, మనకెందుకు?" సరే, మన ఇంటి ముందున్నదే చూద్దాము. డోర్నకల్‌లోని మన ఎపిఫనీ కేథడ్రల్ పేరే ఒక పండుగ పేరు. ప్రత్యక్షత పండుగ నాడు, 1939 జనవరి 6న, దానిని ప్రతిష్ఠించారు. కట్టించిన అజరయ్య బిషప్ గారు ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు అభిషేకం జరిగింది. తిరునల్వేలి తమిళుడు. ఇక్కడికి వచ్చి తెలుగు నేర్చుకొని తెలుగు పల్లెల్లో తిరిగాడు. ఆయన కేథడ్రల్ ఇంగ్లండు గుడికి నకలు కాదు. మండపాన్ని తలపించే స్తంభాలు, మసీదును తలపించే గుమ్మటాలు. కాలాల క్రమం పాత సంఘానిది, రాయి మన నేలది. పాట కూడా అంతే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరవండి. కీర్తన పైన రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటుంది. పందొమ్మిదవ శతాబ్దంలోనే పురుషోత్తమ చౌదరి గారు మన రాగాలలో క్రీస్తును పాడారు. ఇంతకీ పరాయిది ఏది? ఆ కీర్తనా, లేక కీబోర్డులో మీట నొక్కితే వచ్చే ఆ డ్రమ్ము దరువా?

ఇక క్వయర్ సంగతి. క్వయర్ అంటే బాగా పాడేవారి గుంపు అని మనలో చాలామంది అనుకుంటారు. కాదు. ఒకరి గొంతు ఇంకొకరు వినడం నేర్చుకున్నవారి గుంపు. సోప్రానో, ఆల్టో, టెనర్, బేస్ అని నాలుగు వరుసలు. పక్క వరుస వినకుండా ఎవరూ తమ వరుస పాడలేరు. పెద్ద చరణంలో అందరూ ఒకేసారి ఊపిరి తీసుకోరు. ఒకరు తీసుకుంటుంటే పక్కవారు పాటను మోస్తారు. వినేవారికి ఎక్కడా తెగదు. మన పల్లె గుడిలో నాలుగు వరుసలు లేకపోవచ్చు. హార్మోనియం, డోలక్, తాళాలు, ముందు ఒకరు పల్లవి ఎత్తుకుంటే వెనుక అందరూ అందుకోవడం. అక్కడా సూత్రం అదే. నీ ఊపిరి అయిపోయినప్పుడు నీ పక్కవాడు పాడతాడు. భర్తను పాతిపెట్టి మరుసటి ఆదివారం గుడికి వచ్చిన అక్కను మీరు చూసే ఉంటారు. ఆమె నోరు పెగలదు. చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఆమె కోసం పాడతారు. మూడో చరణానికి ఆమె పెదవి కదులుతుంది. ట్రాక్‌కు ఈ పని చేతకాదు. అది ఆమె కోసం ఆగదు, ఆమెను చూడదు. ఆమె పాడినా పాడకపోయినా దానికి ఒకటే.

1644లో ఇంగ్లండు పార్లమెంటు ఆర్గన్లు తీసివేయమని ఆజ్ఞ ఇచ్చింది. సైనికులు కొన్ని కేథడ్రళ్లలో వాటిని పగలగొట్టారు. క్వయర్లు మూగబోయాయి. 1660లో రాజు తిరిగి వచ్చేవరకు అంతే. అక్కడ నోరు మూయించడానికి ఒక పార్లమెంటు, ఒక సైన్యం కావలసి వచ్చింది. మన క్వయర్లకు ఒక పెన్ డ్రైవ్ సరిపోయింది. ఎవరూ బలవంతం చేయలేదు. మనమే చందాలు వేసుకొని కొన్నాము.

మేము నీతులు చెప్పడం లేదు. ఈ పాపంలో మొదటి చెయ్యి మాదే. ఈ పాస్టరేట్‌కు వచ్చిన రెండో సంవత్సరమే రెండు పెద్ద సౌండ్ బాక్సులు తెప్పించాము. ఊరంతా వినబడితే సువార్త అయిపోతుందనుకున్నాము. ఆ ఏడాది నుండి ముందు వరుసలో కూర్చునే ముసలమ్మలు పాడటం మానేశారు. ఎందుకమ్మా అంటే, "మా గొంతు మాకే వినబడటం లేదు అయ్యగారూ" అన్నారు. వాళ్లలో అక్షరం రానివారు ఉన్నారు. మరియ పాట మొదటి నుండి చివరి వరకు వాళ్లకు కంఠతా వచ్చు. వాళ్లు పోతే ఆ పాట వాళ్లతోనే సమాధిలోకి పోతుంది. ఇంగ్లండులో క్రాన్మర్ ఆర్చిబిషప్ 1544లో రాజుకు రాసిన ఉత్తరంలో, ఆరాధనలో పాట వీలైనంత వరకు అక్షరానికి ఒక స్వరం చొప్పున ఉండాలని కోరాడు. మాట స్పష్టంగా వినబడాలని. మేము మాటను ముంచేసి చప్పుడు కొన్నాము.

రెండో అభ్యంతరం: "యూత్ వెళ్లిపోతారు." ఇది మాకు భయపెట్టే మాటే. కానీ ఆ రాత్రి హాస్టల్ డాబా మీద ఏమి జరిగిందో వినండి. వార్డెన్ స్పీకరు పెట్టనివ్వడు. పిల్లలు ఆరుగురు, ఆడపిల్లలు ఇద్దరు పక్క హాస్టల్ నుండి వచ్చారు. ప్రార్థనకు ముందు ఎవరో ఒక పాత కీర్తన ఎత్తుకున్నారు. చిన్నప్పుడు సండే స్కూల్లో నేర్చుకున్నదే. రెండో చరణం సగం మందికి రాలేదు. వచ్చినవాళ్లు పాడుతుంటే రానివాళ్లు అందుకున్నారు. కింద రోడ్డు మీద హారన్లు మోగుతూనే ఉన్నాయి. ఫంక్షన్ హాల్లో చప్పట్లు కొట్టిన ఆ కుర్రవాడు ఇక్కడ ముఖం చేతుల్లో దాచుకొని ఏడ్చాడు. ఎవరూ పాట ఆపలేదు. వాడి వంతు కూడా వాళ్లే పాడారు. యూత్ వెళ్లిపోయేది నిజమే, కానీ పాత పాటకు భయపడి కాదు. తమ గొంతు అవసరం లేని చోట ఎవరు మాత్రం ఎంతకాలం ఉంటారు?

మూడో అభ్యంతరం: "ఈ కాలాలు బైబిలులో ఎక్కడున్నాయి?" ఆగమన కాలం అన్న పేరు లేదు, ఒప్పుకుంటున్నాము. సెమీ క్రిస్మస్ అన్న పేరు మాత్రం ఏ పత్రికలో ఉంది? ప్రతి పనికీ సమయముందని ప్రసంగి చెప్పాడు. ఆత్మతోనూ మనస్సుతోనూ పాడాలని పౌలు కొరింథీయులకు రాశాడు. మాకు ఆ రెండూ చాలు. వాయిద్యాలు పాపమని కూడా మేము అనడం లేదు. కీర్తనల గ్రంథంలో బూరలూ తాళాలూ ఉన్నాయి. అయితే వాటిని మనుషులు వాయించారు.

చివరిది: "క్వయర్ పెద్ద కేథడ్రళ్లకు, మన రేకుల గుడికి ఎందుకు?" తొమ్మిది పాఠాలు, క్రిస్మస్ పాటలు అని లోకమంతా చేసే ఆరాధన ఎక్కడ పేరుపొందిందో తెలుసా? ఇంగ్లండులో ట్రూరో అనే ఊళ్లో, 1880 డిసెంబరు 24 రాత్రి, ఒక చెక్క షెడ్డులో. కేథడ్రల్ ఇంకా కడుతున్నారు. బెన్సన్ బిషప్ ఆ షెడ్డులోనే ఆరాధన పెట్టాడు. పాఠాలు చదివినవారు క్వయర్ పిల్లవాడి నుండి బిషప్ వరకు, వరుసగా. 1918లో మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన కొన్ని వారాలకే కేంబ్రిడ్జ్ కింగ్స్ కాలేజీలో దానిని మొదలుపెట్టారు. మొదలుపెట్టిన మిల్నర్ వైట్ ఆ యుద్ధంలో సైనికుల మధ్య గురువుగా పనిచేసి వచ్చినవాడు. చచ్చినవారిని చూసి వచ్చినవాడికి ఊరేగింపు కంటే పాఠమూ పాటా కావాలనిపించింది. చెక్క షెడ్డుకు తగినది మన రేకుల గుడికి తగదా?

కాబట్టి ఈ ఏడాది నుండి మన పాస్టరేట్‌లో ఇలా చేద్దామని మేము అడుగుతున్నాము. ఆగమన కాలం నాలుగు ఆదివారాలూ సౌండ్ బాక్సులు మూలన పెడదాము. సెమీ క్రిస్మస్ పెట్టము, పిలిచినా వెళ్లము. వారానికి ఒక కీర్తన, అన్ని చరణాలూ, ఆ ముసలమ్మల దగ్గర కూర్చొని పిల్లలు నేర్చుకోవాలి. శనివారం సాయంత్రం గంట కొడతాము, పాడగలిగినవారూ పాడలేమనుకునేవారూ రండి. డిసెంబరు 24 రాత్రి తొమ్మిది పాఠాలు, సండే స్కూలు పిల్లతో మొదలుపెట్టి మాతో ముగిద్దాము. కేకు 25న కోద్దాము, ఎంత పెద్దదైనా సరే.

అమీర్‌పేటలో ఉన్న బాబుల్లారా, తల్లుల్లారా, మీరు ఆ డాబా మీద వారానికి ఒక రాత్రి కలవండి. స్పీకరు వద్దు, ఫోను పక్కన పెట్టండి. ఫలితం వచ్చినవారు రాని వారి కోసం పాడండి. సెలవు దొరికితే 24కల్లా ఇంటికి రండి, మీ వరుస ఖాళీగా ఉంచుతాము. ఆ కుర్రవాడు మళ్లీ పరీక్ష రాశాడు. ఫలితం ఇంకా రాలేదు. వాడి పేరు చెప్పము గాని, సంఘమంతా వాడి కోసం ఎదురుచూద్దాము.

ఎదురుచూసేవారిని సిగ్గుపరచని మన ప్రభువు మీకు తోడైయుండును గాక. ఆమేన్.