చెయ్యి తీగకు తగలకుండా లైటు వెలగాలి

మిరపకాయ కోతలప్పుడు మనోళ్లు కూలి నుంచి తండాకి, గూడేనికి వచ్చేసరికి చీకటి పడుద్ది. అప్పుడు వీధిలైటు కోసం స్తంభం దగ్గర తీగలు కలిపే పని ఇంకా మనకెందుకు? రిమోట్ నొక్కితే రేడియో సిగ్నల్ అందుకుని రిలేనే 230 వోల్టుల లైను కలుపుద్ది. చెయ్యి దూరంగా ఉంటది.

అయితే రిలే ఫేజు మీదే ఉండాలి. న్యూట్రల్ మీద పెడితే లైటు ఆరినా హోల్డర్‌లో కరెంటు ఉంటది. రిమోట్‌తో ఆపాం కదా అని బల్బు ముట్టుకోకూడదు, మెయిన్ తియ్యాల్సిందే.

ఇది మనం స్తంభమెక్కి చేసుకునే పని కాదు. వీధిదీపాలు పంచాయతీ బాధ్యతని పంచాయతీరాజ్ చట్టమే చెబుతోంది. వానకు తడవని పెట్టెలో, ఎంసీబీతో సహా, కరెంటోళ్ల చేతే పెట్టించాలి. రిమోట్ ఒకటి తండాలోనే ఉండాలి. వచ్చే గ్రామసభకు అర్జీ మనమే రాసిద్దాం.