గదులు చాలు, గంటలు కావాలి

గత విద్యా సంవత్సరంలో మేమెరిగిన ఒక డిగ్రీ కళాశాల గ్రంథాలయానికి కొత్త కళ వచ్చింది. పోటీ పరీక్షల పుస్తకాలు, వాణిజ్య, కంప్యూటర్ శాస్త్రాల పాఠ్యగ్రంథాల తాజా ముద్రణలు బీరువాల్లోకి చేరాయి. పాత పఠన మందిరం పక్కనున్న గదికి రంగులు వేసి కంప్యూటర్లు అమర్చారు. రిబ్బను కత్తిరించారు, శాలువాలు కప్పారు, ఫొటోలు దినపత్రికల జిల్లా పేజీల్లో వచ్చాయి. ఆ వెంటనే విద్యార్థులకు అయిదు రోజుల కంప్యూటర్ శిక్షణ శిబిరం ప్రకటించారు. అందరితో పాటు మేమూ సంతోషించాం. ఆ సంతోషం శిబిరం కాలపట్టిక చేతికందే వరకే నిలిచింది.

మొదటి నాలుగు రోజులూ సాయంత్రం 4.30 నుంచి 6.30 వరకు. పల్లెల నుంచి వచ్చే ఆడపిల్లలు ఎక్కవలసిన బస్సు 5 గంటలకు. చివరి రోజు శుక్రవారం, మధ్యాహ్నం 1 నుంచి 3 వరకు. ధ్రువపత్రానికి తప్పనిసరైన పరీక్ష ఆ రోజునే, సరిగ్గా జుమా నమాజు వేళకే. పేర్ల నమోదు ఒక వాట్సాప్ బృందం ద్వారా జరిగింది. ఇంటిల్లిపాదికీ ఒకే ఫోను, అదీ తండ్రి జేబులో ఉండే పిల్లలకు ఆ కబురు చేరేసరికి జాబితా నిండిపోయింది. బోధన అంతా ఆంగ్లంలో సాగింది. చివరికి ధ్రువపత్రాలు పంచిన నాడు వేదిక ఎక్కిన మన పిల్లలను ఒక్క చేతి వేళ్లతో లెక్కపెట్టగలిగాం.

ఎందుకిలా జరిగిందని అడిగితే వచ్చిన జవాబు మర్యాదగానే ఉంది. గ్రంథాలయం తలుపు అందరికీ తెరిచే ఉన్నదట. ఎవరినీ రావద్దనలేదట. రానివారి గురించి యాజమాన్యం ఏం చేయగలదని ప్రశ్న.

ఈ జవాబుతోనే మా పేచీ. ఆ కాలపట్టికను ఎవరో ద్వేషంతో రూపొందించారని మేము అనడం లేదు. దానిని తయారు చేసినప్పుడు మన పిల్లలు ఎవరికీ గుర్తు రాలేదు, అంతే. ఆ గుర్తు రాకపోవడమే మా ఫిర్యాదు. ద్వేషానికి చట్టంలో శిక్ష ఉంది. మరపుకు ఏ సెక్షనూ లేదు. అందుకే మరపు నిశ్చింతగా ఏటేటా తన పని తాను చేసుకుపోతుంది. తెరిచిన తలుపు ఎదుట కాలం, భాష, సమాచారం అనే మూడు తాళాలు వేసి, లోపలికి రానందుకు బయట నిలిచినవారినే తప్పుపట్టడం న్యాయమా?

ఈ చిన్న శిబిరం గురించి ఇంత రాద్ధాంతం అవసరమా అని కొందరికి తోచవచ్చు. లెక్కలు చూడండి. జాతీయ నమూనా సర్వే 75వ విడత (2017-18) ప్రకారం దేశంలో కంప్యూటర్ ఉన్న కుటుంబాలు గ్రామాల్లో 4.4 శాతం, పట్టణాల్లో 23.4 శాతం మాత్రమే. అన్ని మతాల, అన్ని వర్గాల కుటుంబాలూ కలిసిన లెక్క ఇది. రోజుకూలీ, తోపుడుబండి, మెకానిక్ షెడ్డు, కుట్టుమిషను ఆదాయంతో నడిచే మన ఇళ్లలో కంప్యూటర్ ఎన్నింటిలో ఉంటుందో చదువరులే ఊహించుకోగలరు. అటువంటి ఇంటి బిడ్డకు కళాశాల గ్రంథాలయంలోని కంప్యూటరే తొలి కంప్యూటర్. చాలామందికి అదే చివరిదీ అవుతుంది.

ఉన్నత విద్యలో మన స్థానమేమిటో 2006 నాటి సచార్ కమిటీ నివేదిక ఏనాడో చెప్పింది. పేరున్న కళాశాలల్లో డిగ్రీ చదివే ప్రతి 25 మందిలో ఒకరు, పీజీ చదివే ప్రతి 50 మందిలో ఒకరు మాత్రమే ముస్లింలని తేల్చింది. ఆ తరువాత పరిస్థితి చక్కబడిందనుకుంటే పొరపాటు. కేంద్ర విద్యాశాఖ ఉన్నత విద్యా సర్వే ప్రకారం 2019-20లో సుమారు 21 లక్షలుగా ఉన్న ముస్లిం విద్యార్థుల సంఖ్య 2020-21లో 19.21 లక్షలకు పడిపోయింది. 2011 జనగణన ప్రకారం దేశ జనాభాలో మనం 14.2 శాతం. 2020-21లో ఉన్నత విద్యలో మన వాటా 5 శాతం కూడా లేదు.

ఇంతలో ఉపకారవేతనాల దారులు ఒక్కటొక్కటిగా మూసుకుపోతున్నాయి. ప్రీ-మెట్రిక్ ఉపకారవేతనాన్ని 2022-23 నుంచి 9, 10 తరగతులకే పరిమితం చేశారు. పరిశోధక విద్యార్థులకిచ్చే మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను 2022లో నిలిపివేశారు. మౌలానా ఆజాద్ విద్యా ఫౌండేషన్‌ను మూసివేయాలని 2024లో ఆదేశించారు. చేతికి డబ్బు అందే మార్గాలు ఇలా తగ్గుతున్న వేళ, రూపాయి ఖర్చు లేకుండా పేద విద్యార్థికి మిగిలిన ఆస్తి కళాశాల గ్రంథాలయం ఒక్కటే. దానిలో మన వాటా గురించి అడగడం రాద్ధాంతమెలా అవుతుంది?

ఫోన్లున్నాయి కదా, కంప్యూటర్ ఎందుకని మనలోనే కొందరి వాదన. ఫోనులో పాఠం వినవచ్చు, వార్త చదవవచ్చు. కానీ ప్రాజెక్టు నివేదిక తయారు చేయడం, లెక్కల పట్టిక వేయడం, నాలుగు పత్రాలు పక్కపక్కన పెట్టుకుని సరిచూసుకోవడం ఆ చిన్న తెర మీద కుదిరే పనులు కావు. ఐసెట్ వంటి ప్రవేశ పరీక్షలు, బ్యాంకు, రైల్వే ఉద్యోగాల పరీక్షలు నేడు కంప్యూటర్ మీదే జరుగుతున్నాయి. మౌసును మొదటిసారి పరీక్ష కేంద్రంలోనే పట్టుకునే విద్యార్థి సగం కాలాన్ని భయంతోనే పోగొట్టుకుంటాడు. వాడు ఓడింది తెలివిలో కాదని మనకు తెలుసు. ఫలితాల జాబితాకు ఆ సంగతి తెలియదు.

మన ఇళ్లకు మాత్రమే చెందిన మరో చిక్కు ఉంది. షేక్ అనే ఒక్క ఇంటిపేరునే పదో తరగతి మార్కుల జాబితాలో ఒక విధంగా, ఆధార్ కార్డులో మరో విధంగా, బ్యాంకు పుస్తకంలో ఇంకో విధంగా ఆంగ్లాక్షరాల్లో రాస్తారు. ఒకచోట పూర్తిగా, మరొకచోట రెండే పొడి అక్షరాలుగా. పోర్టల్‌లో ఆ పేర్లు కలవకపోతే దరఖాస్తు ముందుకు సాగదు. తండ్రి ఒకరోజు కూలి మానుకుని పిల్లను వెంటబెట్టుకుని నెట్ సెంటరుకు వెళతాడు. అక్కడివారు అడిగినంత ఇచ్చి, సరిదిద్దారో లేదో తెలియకుండానే ఇంటికి వస్తాడు. ఆదాయ ధ్రువపత్రం, బీసీ-ఇ ధ్రువపత్రం స్కాన్ చేసి తగిన పరిమాణంలోకి కుదించడం, పేరు తేడాను ముందే గుర్తించి సవరణకు దరఖాస్తు చేయడం, గడువు తేదీని తానే చూసుకోవడం - గ్రంథాలయంలోని కంప్యూటర్ ముందు రెండు పూటలు కూర్చోబెడితే ఏ విద్యార్థిని అయినా నేర్చుకోగలదు. ఆపైన ఆ అమ్మాయి తన వీధి మొత్తానికీ ఆ పని చేసిపెడుతుంది. శిక్షణ శిబిరం మొదటి పాఠం ఇదే కావాలని మేమంటే, ఇది గ్రంథాలయం పని కాదని కొందరు పెద్దలు పెదవి విరుస్తున్నారు. చదువు మధ్యలో ఆగిపోయిన పిల్ల ఇక ఏ గ్రంథాలయానికి వస్తుందో వారే చెప్పాలి.

కొత్త పుస్తకాల సంగతీ చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ బోధనను 2021-22 నుంచి ఆంగ్ల మాధ్యమంలోకి మార్చారు. ఇంట్లో ఉర్దూ, బడిలో పదేళ్ల పాటు తెలుగు, కళాశాలలో ఒక్కసారిగా ఆంగ్లం! ఈ మూడు భాషల మధ్య నలిగే పిల్లలకు వారధిగా నిలిచే నిఘంటువులు, ద్విభాషా పాఠ్యగ్రంథాలు, తేలిక ఆంగ్ల వాచకాలు కొనుగోలు జాబితాలో ఎక్కడా కనిపించలేదు. ఉర్దూకు ఆంధ్రప్రదేశ్‌లో 2022లో, తెలంగాణలో 2017లో రెండవ అధికార భాష హోదా దక్కింది. ఆ హోదా మేము చూసిన గ్రంథాలయపు బీరువా దాకా రాలేదు. ఉర్దూ అడిగితే దుమ్ము పట్టిన కొన్ని కవితా సంపుటాలు చూపించారు. కంప్యూటర్లలో ఉర్దూ కీబోర్డు ఉచితంగానే అమరుతుంది, యూనికోడ్‌లో రాసిన ఉర్దూ పాఠాన్ని వెతకవచ్చు, పంపవచ్చు, భద్రపరచవచ్చు. ఈ సంగతి ఆ శిబిరంలో ఎవరూ ప్రస్తావించలేదు. తెలుగు టైపింగుకూ చోటు దక్కలేదు.

తెలుగులోనే రాస్తున్న మన రచయితల మాటేమిటి? ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' 1991లో వచ్చింది. స్కైబాబా సంపాదకత్వంలో 'జల్‌జలా', 'వతన్' వెలువడ్డాయి. మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' ఇంటింటా చదివారు. వేంపల్లె షరీఫ్ 'జుమ్మా'కు 2012లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం లభించింది. ఈ పుస్తకాలు కొనడం ముస్లిం విద్యార్థులకు చేసే ఉపకారమని మేము భావించడం లేదు. తన పక్క బల్ల మీద కూర్చునే సహపాఠి ఇంటి లోపలి జీవితం ఎలా ఉంటుందో తెలియని హిందూ విద్యార్థికి అవి మరింత అవసరం. జాబితాలో అవి లేకపోతే నష్టం కళాశాల మొత్తానిది.

ఇక మనల్ని మనం నిలదీసుకోవలసిన వేళ. అవతరించిన తొలి ఆజ్ఞ చదవమనే అయినందుకు గర్విస్తాం, ఇఖ్రా అన్న మాటను బ్యానర్ల మీద పెద్ద అక్షరాలతో రాయిస్తాం. ప్రజాప్రతినిధి మన వాడకు వచ్చినప్పుడు మాత్రం షాదీఖానా అడుగుతాం, ప్రహరీగోడ అడుగుతాం. పిల్లల కళాశాలలో గ్రంథాలయం ఎన్ని గంటలకు మూస్తారో మనలో ఎందరికి తెలుసు? ఒక్క వలీమా విందులో ఒక వంటకం తగ్గించుకుంటే ఒక వాడలోని ఆడపిల్లలకు శిబిరం జరిగే వారమంతా ఆటో ఖర్చు వస్తుంది. జకాత్ వినియోగం ఎలాగో ఉలమాలు చెబుతారు. సదఖాతో, చందాలతో ఈ పని చేయడానికి అడ్డేమిటి? కంప్యూటర్ గదిలో అబ్బాయిలుంటారని కూతురిని ఆపే తండ్రులను కూడా ఒక మాట అడుగుతున్నాం. అదే పిల్ల దరఖాస్తు కోసం ముక్కూమొహం తెలియని నెట్ సెంటరులో గంటసేపు నిలబడినప్పుడు లేని అభ్యంతరం, అధ్యాపకుల కళ్లెదుట ఉన్న గ్రంథాలయంలో ఎందుకొస్తున్నది?

రాజ్యాంగం 30వ అధికరణం మనకు సొంత విద్యాసంస్థలు స్థాపించుకునే హక్కునిచ్చింది. ఆ హక్కును కాపాడుకోవలసిందే. అయితే సాధారణ ప్రభుత్వ, ఎయిడెడ్ కళాశాలల్లో చదివే మన బిడ్డలెందరో ఉన్నారు. అక్కడి ప్రతి పుస్తకం, ప్రతి కంప్యూటర్ మన పన్నుల సొమ్ముతో కూడా వచ్చినవే. అక్కడ మనం అతిథులం కాము.

అందుచేత ఈసారి కొత్త గది అడగవద్దు. ఉన్న గదిలో గంటలు అడుగుదాం. శిక్షణ శిబిరాన్ని తరగతుల వేళల్లోనే, జుమా నమాజు వేళను తప్పించి జరపాలి. పల్లె విద్యార్థులకు మధ్యాహ్న భోజన విరామంలోనో, ఉదయపు తొలి గంటలోనో కంప్యూటర్ కేటాయించాలి. పేర్ల నమోదుకు గ్రంథాలయ గోడ మీద కాగితం అంటించాలి, తరగతి గదిలో చదివి వినిపించాలి. బోధన తెలుగులో సాగాలి, ఉర్దూలో సందేహం అడిగిన పిల్లకు జవాబు దొరకాలి. ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి ఎన్-లిస్ట్‌లో చేరిన కళాశాలల విద్యార్థులకు వేలాది ఈ-జర్నళ్లు, లక్షకు పైగా ఈ-పుస్తకాలు అందుబాటులో ఉంటాయి. ఆ లాగిన్ వివరాలు అధ్యాపకుల దగ్గరే ఆగిపోకుండా ప్రతి విద్యార్థికీ చేరాలి. పుస్తకాల ఎంపిక చేసే గ్రంథాలయ సంఘంలో విద్యార్థినులకు చోటుండాలి. గ్రంథాలయాన్ని రోజుకు ఎందరు వాడుకుంటున్నారో న్యాక్ బృందాలు ఎలాగూ లెక్క అడుగుతాయి. ఆ లెక్కలో ఆడపిల్లలెందరు, మైనారిటీ విద్యార్థులెందరు అని మనమూ అడగాలి. జవాబు రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది.

పై కోరికల్లో దేనికీ కొత్త బడ్జెట్టు అక్కర్లేదు. కాబట్టి నిధులు లేవన్న సాకు ఈసారి చెల్లదు. కాలపట్టికను మార్చడానికి ఒక కాగితం, ఒక సంతకం చాలు.

ప్రతి మొహల్లా నుంచి ఇద్దరు తల్లులు, ఇద్దరు తండ్రులు ఈ నెలలోనే తమ పిల్లల కళాశాలకు వెళ్లండి. ప్రిన్సిపాల్ గదికి వెళ్లేముందు గ్రంథాలయానికి వెళ్లండి. వచ్చే శిబిరం కాలపట్టిక చూపించమని అడగండి. శుక్రవారం ఒంటిగంట అని అందులో ఉంటే, అది మారేదాకా అక్కడి నుంచి కదలకండి.