పులుసు మీద తేలే నూనె
మైపాడు వైపు వంజరం పులుసు దించాక మామిడికాయ ముక్కల చుట్టూ ఎర్రగా నూనె తేలితేనే రుచి అంటారు. బరువు తగ్గాలనుకునేవాళ్లు ముందు లెక్కపెట్టాల్సింది ఆ తెట్టునే. గ్రాము కొవ్వుకు 9 కేలరీలు, పిండిపదార్థానికి 4. రెండు పెద్ద చెంచాల నూనె అదనంగా పడితే సుమారు 240 కేలరీలు. గంట నడక దాంతో చెల్లు.

ఆహార నియమాలు చెప్పే వీరమాచనేని రామకృష్ణ పద్ధతిలో కొవ్వు తిన్నవాళ్లూ తగ్గారు కదా అంటారు. నిజమే, అన్నం మానేస్తే తగ్గరా మరి! 2018లో వెలువడిన స్టాన్‌ఫర్డ్ అధ్యయనంలో 609 మందిని ఏడాదిపాటు గమనిస్తే, కొవ్వు తగ్గించినవాళ్లు సగటున 5.3 కిలోలు, పిండిపదార్థాలు తగ్గించినవాళ్లు 6 కిలోలు తగ్గారు. చెప్పుకోదగ్గ తేడా కాదది. మన చిక్కల్లా మొలగొలుకుల అన్నం కుప్ప అలాగే ఉంచి, పైన నెయ్యి కూడా పోసుకోవడం. కానాగంత చేపల్లోని కొవ్వు మాత్రం గుండెకు మంచిదే. వాటిని వేపకుండా పులుసు పెట్టి, నూనె చెంచాతో కొలిచి పోస్తే చాలు.