తుపాకి మ్రోతయే సాక్షి

తుపాకి మ్రోతకు కారణములు రెండు. గొట్టమునుండి వెలువడు వాయువుల ప్రేలుడొకటి. గుండు శబ్దవేగమును మించి గాలిని చీల్చునపుడు పుట్టు ఫెళ్లుమను ధ్వని రెండవది. మొదటిదానిని గొట్టపుకొనకు తగిలించు సైలెన్సరు చాలవఱకు మ్రింగును. రెండవది పుట్టకుండవలెనన్న గుండు సెకనుకు సుమారు 340 మీటరులకు లోఁబడి పోవలెను. వేగము తగ్గినచో దెబ్బ తగ్గును. కావుననే గుండును లావుగను, బరువుగను చేయుదురు.

ఈ విద్యతో పలాస, టెక్కలి, ఉద్దానము వారికేమి పని యందురా? 1940లో మందసా జమీందారీ అడవి తగాదాలో గుడారి రాజమణిపురమున వీరగున్నమ్మ పోలీసు కాల్పులకు బలియయ్యెను. 2010లో సోంపేటయందును, 2011లో టెక్కలి చెంతనున్న కాకరాపల్లియందును పోలీసు తుపాకులు మ్రోగెను, ప్రాణములు పోయెను. తుపాకి మ్రోగినచోట కన్నవారు కొందఱైనను విన్నవారనేకులు. విన్నవారు ప్రశ్నింతురు, ప్రశ్నించినచో సర్కారు బదులు చెప్పక తప్పదు.

1959 నాటి ఆయుధచట్టము మ్రోత నడఁచు సాధనమునుగూడ తుపాకిగానే యెంచినది. మంచిదే. కాని విధినిర్వహణమందున్న ప్రభుత్వోద్యోగికి ఆ చట్టము వర్తింపదు. బందీలను విడిపించునపుడు అట్టి యాయుధము అవసరము కావచ్చును. జనసమూహము నెదుట దానికెన్నఁడును చోటులేదు. అట్టి తూటాలను కొన్నచో ఎన్ని కొనిరో, ఎవరికిచ్చిరో, ఎన్ని వెచ్చించిరో శాసనసభ ముందుంచవలెను. మ్రోత లేనిచోట లెక్కయైనను ఉండవలదా?