కాలి నరానికి రోల్‌బ్యాక్ లేదు

ఈమధ్య మన సాఫ్టువేరు జనాల కబుర్లలో బీపీ, సుగర్ల పక్కన కాలినొప్పి కూడా చేరింది. మడమ కాదు, పాదం ముందుభాగం, వేళ్ళ మొదళ్ళ కింద. షూలో గులకరాయి ఇరుక్కున్నట్టు, ఒక్కోసారి వేళ్ళలోకి కరెంటు కొట్టినట్టు. ఆర్నెల్లైనా తగ్గదు. ఇక అప్పుడు మనోళ్ళు అడిగే ప్రశ్న ఒక్కటే: "ఏ ఆపరేషన్ బెస్టు? ఇన్సూరెన్సులో వస్తుందా?"

నన్నడిగితే ఆ ప్రశ్నే తప్పు. "సర్వర్ స్లోగా ఉంది, ఏ ప్యాచ్ వెయ్యమంటావ్?" అని ఎవడైనా అడిగితే ముందు లాగ్ చూడు నాయనా అంటాం కదా. సొంత కాలి దగ్గరికొచ్చేసరికి ఆ బుద్ధి ఎటు పోతుందో మరి!

పాదం నొప్పి అనేది లక్షణం, జబ్బు పేరు కాదు. నొప్పి నరానిదా, ఎముకదా అన్నది తేలకుండా ఆపరేషన్లు పోల్చడం దండగ.

నరం సంగతి చూద్దాం. మోర్టన్స్ న్యూరోమా అంటారు. 1876లో థామస్ మోర్టన్ అనే అమెరికా సర్జన్ వర్ణించాడు కాబట్టి ఆ పేరు. ఎక్కువగా మూడు, నాలుగు వేళ్ళ మధ్య నరం చుట్టూ పీచులా మందం కడుతుంది. పేరు చూసి హడలిపోనక్కర్లేదు, అది నిజమైన కంతి కాదు. దీనికి చేసేవి ముఖ్యంగా రెండు. ఒకటి, ఆ నరం ముక్కని కోసి తీసెయ్యడం. రెండోది, నరాన్ని పైనుంచి నొక్కుతున్న లిగమెంటుని కోసి నరానికి చోటివ్వడం. మొదటిదాంతో చాలామందికి ఉపశమనం దొరుకుతుంది, కాదనను. కానీ ఆ వేళ్ళ మధ్య స్పర్శ పోతుంది, కోసిన మొదట్లో కొత్త న్యూరోమా పుట్టి మళ్ళీ మొదటికి రావచ్చు. రెండోదాంట్లో నరం మిగిలే ఉంటుంది, తగ్గకపోతే తర్వాతైనా తియ్యొచ్చు. తీసినదాన్ని మాత్రం ఏ దేవుడూ తిరిగి పెట్టలేడు. నరం మరీ మందంగా ఉంటే తియ్యక తప్పదేమో గానీ, రెండోదాని ఊసే ఎత్తకుండా కత్తి పట్టుకునే సర్జన్ని ఎందుకని అడగాల్సిందే. ఇది అత్యుత్తమం అని ఢంకా బజాయించేంత రుజువు ఎవరి దగ్గరా లేదు. 2024లో వచ్చిన కోక్రేన్ సమీక్షకి దొరికిన ట్రయల్స్ అన్నీ కలిపి 6.

ఎముక కథ వేరు. రెండో వేలి ఎముక పొడుగై బరువంతా దానిమీదే పడితే అడుగున ఆనెకాయ కట్టి నొప్పి. దీనికి వైల్ ఆస్టియాటమీ అని, ఎముకని కోసి కాస్త వెనక్కి జరిపి స్క్రూ వేస్తారు. బాగానే ఉంది, కానీ వేలు నేలకి ఆనకుండా గాల్లో తేలిపోవడం దీని పేరుమోసిన సైడ్ ఎఫెక్టు. 2011లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం 36 శాతం! పైగా ఒకటి పొట్టి చేస్తే లోడు పక్కదాని మీదికి పోవచ్చు. లోడ్ బ్యాలెన్సింగు గురించి మనకి ఒకరు చెప్పాలా :)

నాకు తెలిసినాయన ఒకరున్నారు, టెస్టింగ్ లీడ్. నొప్పి రెండో వేలి ఎముక కింద. ఒక పెద్దాసుపత్రిలో స్కాన్ చూసి మూడు, నాలుగు వేళ్ళ మధ్య నరం తీసేశారు. ఇప్పుడు అక్కడ స్పర్శ లేదు, రెండో వేలి కింద నొప్పి మాత్రం చెక్కుచెదరలేదు. స్కాన్లో మందంగా కనబడే నరాలు నొప్పి లేనివాళ్ళలోనూ ఉంటాయి. అనుమానమున్న చోట మత్తు ఇంజెక్షన్ ఇచ్చి కాసేపు నొప్పి పోతుందో లేదో చూసే పద్ధతి ఒకటుంది. నూటికి నూరుపాళ్ళు తేల్చదు గానీ, డీబగ్గింగు అంటే అదీ. ఆయనకి అదీ చెయ్యలేదు.

ఇంకోటి, మన తెలుగువాళ్ళకి మరీ ముఖ్యం: సుగరు. రెండు పాదాలూ మంటలు, తిమ్మిర్లు అంటే ముందు సుగరు చూపించుకోవాలి. అప్పటికే మొద్దుబారుతున్న కాల్లో ఇంకో నరం కోయించుకోవడమేమిటి?

"మందులూ ప్యాడ్లూ అన్నీ వాడేశాం" అంటారు. వాడారా నిజంగా? వేళ్ళని నొక్కే మొనదేలిన ఫార్మల్ షూసు ఆఫీసుకి, ఇంట్లో గ్రానైట్ గచ్చు మీద ఉత్తకాళ్ళు, పిక్క కండరం సాగదీసింది వారంలో ఒక్కరోజు. ఇక ఆ ప్యాడ్, సరిగ్గా నొప్పి ఉన్నచోటే అంటించుకుంటారు చాలామంది. అది ఉండాల్సింది నొప్పికి కాస్త వెనకాల, మడమ వైపు.