కొత్త కాపురం, ఖాళీ హాలు

ఈ వారం వంటింట్లోంచి కాసేపు బయటికొచ్చి హాల్లో కూర్చుందాం. కూర్చోవడానికి అక్కడ ఏమీ లేదు, అదే ఇవాళ్టి సంగతి.

మా చెల్లెలి కూతురు, అల్లుడు శ్రావణ మాసంలో ఏలూరులో ఫ్లాటు అద్దెకు తీసుకుని కాపురం పెట్టారు. మూడో అంతస్తు, ఒక పడకగది, పన్నెండడుగులకి పదకొండడుగుల హాలు. పాలు పొంగించిన రోజు పెదపాడు నుంచి నేనూ వెళ్లాను. ఇల్లు బాగుంది, గాలీ వెలుతురూ ఉన్నాయి. హాల్లో మాత్రం ఒక ప్లాస్టిక్ కుర్చీ, గోడకి టీవీ, అంతే. కొత్త కాపురం కదా, నెమ్మదిగా అమర్చుకుంటారులే అనుకున్నాను.

పదిహేను రోజులకి ఫోను చేసింది. "దొడ్డమ్మా, అమ్మకి చెప్పకు. నా గాజులు రెండు తాకట్టు పెడదామనుకుంటున్నా."

గుండె ఝల్లుమంది. ఏం కష్టమొచ్చిందోనని అడిగితే, సోఫా సెట్టట! నలభై రెండు వేలు. చేతిలో పదిహేను వేలున్నాయి, మిగతా ఇరవై ఏడు వేలకి గాజులు. దసరాకి అత్తగారి వైపు వాళ్లు ఏడుగురు వస్తున్నారు. "కింద కూర్చోబెట్టిందంటారు దొడ్డమ్మా. పల్లెటూరి పిల్ల, దానికేం తెలుసంటారు."

మీరు నవ్వకండి. ఈ భయం మనందరికీ తెలిసిందే. హాలు చూసి కోడలికి మార్కులు వేసేవాళ్లు ప్రతి ఇంటి చుట్టాల్లోనూ ఒకరిద్దరుంటారు. కానీ లెక్క చూడండి. రూపాయి వడ్డీ అనుకున్నా ఇరవై ఏడు వేలకి నెలకి 270, ఏడాదికి 3,240. అసలు అలాగే ఉంటుంది, సోఫా పాతబడుతూ ఉంటుంది, గాజులు పరాయి బీరువాలో ఉంటాయి. "గాజులు చేతికే ఉంచు, రేపొస్తున్నా" అని ఫోను పెట్టేశాను.

మర్నాడు వెళ్లి నేను చేసిన మొదటి పని ముగ్గుడబ్బా అడగడం. షాపులో సోఫా కొలతలు దాని ఫోనులోనే ఉన్నాయి. ముగ్గురు కూర్చునేది ఆరున్నర అడుగుల పొడవు, దాదాపు మూడడుగుల వెడల్పు. ఒంటి సోఫాలు రెండూ చెరో మూడడుగులు. ఆ కొలతల ప్రకారం ముగ్గుపిండితో నేల మీద మూడు సోఫాలూ గీశాం, మధ్యలో టీపాయ్ కూడా. "ఇప్పుడు బాల్కనీలో బట్టలు ఆరేసి రా" అన్నాను. బకెట్టు పట్టుకుని బయల్దేరింది, రెండడుగులు వేసి ఆగిపోయింది. ఎటు నడిచినా ముగ్గు మీదే కాలు పడుతోంది! వీధి గుమ్మం, వంటింటి దారి, బాల్కనీ తలుపు, మూడూ ఆ హాల్లోకే కదా. మీరూ ఏ పెద్ద సామాను కొనేముందైనా ఇలా గీసి ఒక రోజు దాని చుట్టూ తిరిగి చూడండి. ఖర్చు గుప్పెడు ముగ్గుపిండి.

సోఫా మాట అక్కడితో సద్దుమణిగింది. మరి పదిహేను వేలతో ఏం చేయాలి?

కర్టెన్లు అంది. నేను మెష్ అన్నాను. ఏలూరు దోమల సంగతి ఏలూరు వాళ్లకి వేరే చెప్పాలా! సాయంత్రం ఆరు దాటాక తలుపులన్నీ బిగించుకుని కూర్చునే హాలు ఎంత అందంగా ఉంటే ఏం లాభం? రెండు కిటికీలకి వెల్‌క్రోతో అతికే వల, బాల్కనీ తలుపుకి అయస్కాంతాలతో మూసుకునే వల పెట్టించాం. మొత్తం 1,900. మేకులు కొట్టే పని లేదు కాబట్టి ఇంటివాళ్లూ ఏమీ అనలేదు. ఈ ఖర్చు కంటికి కనపడదు, చుట్టాలెవరూ మెచ్చుకోరు. అయినా దీన్నే ముందు పెట్టమంటాను.

తర్వాత కూర్చునే సంగతి. మా ఇంట్లో అటక మీద నవారు మంచం ఒకటి కోళ్లు వేరు, పట్టెలు వేరుగా ఇరవై ఏళ్లుగా పడుంది. టేకుది. నవారు కుళ్లిపోయింది గానీ కర్ర గట్టిగా ఉంది. ట్రాలీ ఆటోలో వేసి పంపాను. పట్టెలు లిఫ్టులో పట్టక మెట్ల మీద మోయించాల్సొచ్చింది, ఆ కుర్రాడికి వంద ఎక్కువే ఇచ్చాం. కొత్త నవారు, అల్లే మనిషి కూలి, ఆటో, అన్నీ కలిపి 2,600. గోడవారగా వేసి, పెళ్లిలో పెట్టిన పరుపు పరిచి, వెనక రెండు తలగడలు పెడితే పగలు ముగ్గురు కూర్చునే దీవాను, రాత్రి ఒకరు పడుకునే మంచం. దాని కింద ట్రంకు పెట్టె తోసేసరికి పడకగదిలో అంత చోటు మిగిలింది.

పైన కప్పడానికి పెడన కలంకారీ దుప్పటి, 900. మచిలీపట్నం దగ్గర పెడనలో అచ్చులతో అద్దే కలంకారీ ఇది. కలంతో గీసేది శ్రీకాళహస్తి పద్ధతి, అది వేరే. అసలైన దానిలో నల్లరంగు తుప్పు పట్టిన ఇనుము, బెల్లం కలిపి ఊరబెట్టిన నీటితో వస్తుంది, బట్టని ముందు కరక్కాయ నీటిలో ముంచుతారు. ఇప్పుడు అదే డిజైను మిషను మీద కొట్టినవి సగం ధరకే దొరుకుతున్నాయి. అచ్చు వేసినదైతే గీతలు అక్కడక్కడ కొంచెం అటూ ఇటూ ఉంటాయి, అది చెయ్యి గుర్తు. మొదటి రెండు మూడుసార్లు విడిగా ఉతికి నీడన ఆరేయండి.

ఇంతవరకూ బాగానే ఉంది. "చాపలు రెండు తెచ్చి పరిస్తే ఏడుగురూ సరిపోతారు" అంది పిల్ల. ఇక్కడ నా తప్పొకటి చెప్పుకోవాలి. నా పెళ్లయిన కొత్తలో నేనూ ఇలాగే చాపలతో, దిండ్లతో హాలు ముచ్చటగా సర్దాను. మా అత్తగారి అక్కగారొచ్చారు. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. కింద కూర్చోలేక, అడగడానికి మొహమాటపడి, వంటింట్లో బియ్యం డబ్బా మీద కూర్చుని కాఫీ తాగి వెళ్లారు. ఆ సంగతి నాకు ఏడాది తర్వాత తెలిసింది! నేల మీద కూర్చోవడం చిన్నతనం కాదు. కానీ పెద్దవాళ్లకి చేతులున్న కుర్చీలు, లేచేటప్పుడు ఆనుకోవడానికి, రెండైనా ఉండి తీరాలి. కూర్చునే ఎత్తు అడుగున్నర దాకా ఉండాలి. మెత్తగా లోపలికి దిగిపోయే సోఫాలోంచి లేవడం మోకాళ్ల నొప్పుల వాళ్లకి ఎంత కష్టమో వాళ్లనే అడగండి.

పాత సామాన్లు అమ్మే చోట పేము అల్లిన చేతుల కుర్చీలు రెండు దొరికాయి, పాలిష్ పట్టించడంతో సహా 3,000. పాతవి కొనేటప్పుడు తిరగేసి చూడండి. కాళ్ల దగ్గర సన్నని కర్రపొడి రాలుతుంటే లోపల పురుగుంది, వద్దు. పేము సందుల్లో, మూలల్లో నల్లటి చుక్కలుంటే నల్లులు. అందుకే ఎంత బాగున్నా మెత్త కుట్టించిన పాత సోఫా మాత్రం ఇంట్లోకి తేవద్దంటాను. కర్రదైతే ఎండలో పెట్టి, తుడిచి, కడిగి బాగుచేసుకుంటాం. మెత్త లోపల ఏముందో ఎవరికి తెలుసు?

కర్టెన్లకి బట్ట కొననివ్వలేదు. మా చెల్లెలి నేత చీరలు రెండు, ఒంటికి కట్టలేనంత పాతబడ్డవి, బీరువాలో ఉన్నాయి. చీర పొడవు ఐదున్నర మీటర్లు. సగానికి కోస్తే ఒక్కోటి రెండుమ్ముప్పావు, తలుపుకి పైనా కిందా మడతలు పోగా సరిపోతుంది. కిటికీకైతే ఒక చీరలో మూడు ముక్కలొస్తాయి. పన్నా నలభై ఐదంగుళాలుంటుంది కాబట్టి నాలుగడుగుల కిటికీకి రెండు ముక్కలు వేస్తే నిండుగా కుచ్చులొస్తాయి. కిటికీ ఎంత వెడల్పో అంతే బట్ట వేస్తే పరదా కాదు, దుప్పటి ఆరేసినట్టుంటుంది. చీర అంచు నిలువుగా పక్కకి వచ్చేలా కుట్టించండి, వేరే అలంకారం అక్కర్లేదు. కుట్టుకూలీ, రాడ్లూ 1,400 అయ్యాయి. పిల్ల ఆ పరదాలు చూసి "అమ్మ ఇది కట్టుకుని నన్ను బడికి తీసుకెళ్లేది" అంది. ఆ ముక్క విని మా చెల్లెలు కళ్లు తుడుచుకుంది. గాజుల సంగతి దానికి ఇప్పటికీ తెలీదు, ఈ పేజీ చదివితే తెలుస్తుంది!

దీపాల విషయం చాలామంది పట్టించుకోరు. నడినెత్తిన ఒక ట్యూబులైటు వేసి హాలు అయిందంటారు. దాని కింద కొత్త పెళ్లికూతురైనా జ్వరంపడి లేచినట్టు కనపడుతుంది. మంచం తలవైపు గోడకి పసుపు వెలుగు ఎల్‌.ఇ.డి. బల్బు ఒకటి, టీవీ పక్క మూల ఇంకోటి, వెదురుబుట్ట బోర్లించి దాని లోపల. హోల్డర్లూ వైర్లూ కలిపి 700. తొమ్మిది వాట్ల బల్బు రోజుకి ఐదు గంటలు వెలిగినా నెలకి యూనిటున్నర కాదు. వెనకటి అరవై వాట్ల బల్బైతే తొమ్మిది యూనిట్లు. బుట్టకి, బల్బుకి మధ్య జానెడు ఎడం ఉంచడం మరవద్దు.

నేలకి తుంగ చాపలు రెండు, 700. కొల్లేరు పక్కనుండేవాళ్లకి తుంగ గురించి నేను చెప్పేదేముంది, వేసవిలో దాని చల్లదనం ఏ కార్పెట్టుకీ రాదు. ఒక్కటే జాగ్రత్త, మన వైపు గాలిలో చెమ్మ ఎక్కువ. వానాకాలంలో చాప నేలకి అంటిపెట్టుకుని వారాల తరబడి ఉంటే అడుగున బూజు పడుతుంది. వారానికోసారి ఎత్తి ఎండలో పెట్టి, చుట్టి నిలబెట్టాలి. తడిగుడ్డతో తుడిచి అలాగే పరిచేయకూడదు.

ఏలూరులో ఉంటూ తివాచీ మాటెత్తకపోతే ఎలా అంటారా? పిల్లకీ అదే కోరిక. తంగెళ్లమూడి వైపు నేసే ఉన్ని తివాచీలు ఏలూరికి పేరు తెచ్చాయి. పర్షియా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లతో ఈ విద్య ఇక్కడికి వచ్చిందంటారు. మగ్గం మీద నూలు పడుగుకి ఉన్నితో ఒక్కో ముడీ చేత్తో వేసి, దారం కోసి, వరస పూర్తయ్యాక దువ్వెనలాంటి పనిముట్టుతో కొట్టి బిగిస్తారు. అలా వేలకి వేల ముళ్లు. అందుకే చవగ్గా రాదు, చవగ్గా ఇస్తానన్నవాడి దగ్గర కొనద్దు. తిరగేసి చూడండి. చేతి పనిలో ముందువైపు పువ్వు వెనకవైపు కూడా ముడిముడిగా స్పష్టంగా కనపడుతుంది. వెనక గుడ్డ అతికించి ఉంటే అది మిషనుదో, జిగురుదో. చివరి కుచ్చులు పడుగు దారాలే అయ్యుండాలి, విడిగా కుట్టినవి కాకూడదు. చదరపు అడుగు లెక్కన ధర చెబుతారు కాబట్టి చిన్నదైతే ఎప్పటికైనా మన చేతికీ అందుతుంది. గది నిండా పరిచే నకిలీ కంటే మంచం ముందు రెండడుగులకి మూడడుగుల అసలుది నయమని నా అభిప్రాయం.

మనీప్లాంటు సీసాలు మాత్రం వద్దన్నాను. పెట్టుకునేవాళ్లు వారానికి రెండుసార్లు నీళ్లు మార్చి సీసా లోపలి గోడలు రుద్ది కడగండి. డెంగ్యూ తెచ్చే దోమ ఇలాంటి తేటనీళ్ల అంచునే గుడ్లు పెడుతుంది, పది రోజుల్లో పిల్ల దోమలు ఎగురుతాయి. అంత ఖర్చుపెట్టి వలలు కట్టించి, దోమల్ని ఇంట్లోనే పెంచుతామా?

టీపాయ్ బదులు మా అమ్మగారి పాత ఇత్తడి పళ్లెం పీట మీద పెట్టి, పక్క అలమారలో నరసాపురం లేసు గుడ్డ పరిచాం. ఆ లేసు గురించి ఒక్క మాట. ఇళ్లలో కూర్చుని అల్లే ఆడవాళ్ల చేతికి అందేది ఎంత తక్కువో మరియా మీస్ అనే ఆవిడ 1982లోనే పుస్తకం రాసింది. మీరు ఎప్పుడైనా అల్లినావిడ దగ్గరే కొంటే బేరం ఆడకండి.

మొత్తం 11,200 అయింది. చేతిలో 3,800 మిగిలాయి.

దసరాకి ఏడుగురూ వచ్చారు. నేను వెళ్లలేదు, సాయంత్రం ఫోనులో విన్నాను. పెద్దావిడలిద్దరూ పేము కుర్చీల్లో, మిగతావాళ్లు మంచం మీదా చాపల మీదా కూర్చున్నారట. అత్తగారి తోడికోడలు ఒకావిడ "సోఫా ఎప్పుడు కొంటారమ్మా?" అని అడగనే అడిగింది. పిల్ల ఏం చెప్పాలో తెలీక గుటకలు మింగుతుంటే, ఆవిడ భర్తగారు భోంచేసి నవారు మంచం మీద నడుం వాల్చి, నాలుగింటి దాకా గురకపెట్టి నిద్రపోయారట. లేచాక ఆ నవారు ఎక్కడ దొరికిందని అడిగి రాసుకున్నారు.

మిగిలిన 3,800 ఒక హార్లిక్స్ సీసాలో వేసి, ప్రతి నెలా ఐదు వందలు కలుపుతోంది. సీసా మీద "తంగెళ్లమూడి" అని చీటీ అంటించింది. టీవీ ఎదుటి గోడ మాత్రం ఇంకా బోసిగానే ఉంది. కొండపల్లి బొమ్మలు పెడదామంటుంది, తెల్లపొణికి కర్ర కదా, ఆ గోడకి చెమ్మ దిగుతోంది, ముందు అది ఆరనివ్వమన్నాను.