నానమ్మకి బొట్టు పెట్టకూడదా?

సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఇరవై ఏళ్ళు గడిచాయి. క్లయింటు ఏ ప్రశ్న వేసినా ఏదో ఒక సమాధానం చెప్పడం అలవాటైపోయింది. కాని కిందటి శ్రావణంలో మా తొమ్మిదేళ్ళ అమ్మాయి అడిగిన ప్రశ్నకి మాత్రం నాకు నోరు పెగల్లేదు.

ఆ రోజు మా ఇంట్లో వరలక్ష్మీవ్రతం. ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళు చాలామంది వచ్చారు. అమ్మాయి పట్టులంగా కట్టుకుని, కుంకుమ భరిణె చేత్తో పట్టుకుని వచ్చిన ఆంటీలందరికీ బొట్టు పెట్టింది. చివరికి వంటింట్లో తాంబూలం సంచుల్లో శనగలు సర్దుతున్న మా అమ్మ దగ్గరికి వెళ్ళింది. అమ్మ గభాలున తల వెనక్కి తీసుకుని, "నాకొద్దులే తల్లీ, వాళ్ళకి పెట్టు" అంది. నాన్నగారు పోయి ఆరేళ్ళయింది.

రాత్రి పడుకోబోతూ అడిగింది: "డాడీ, నానమ్మకి బొట్టు ఎందుకు పెట్టకూడదు?"

"రేపు చెప్తానమ్మా" అని తప్పించుకున్నాను.

ఆ "రేపు" వంటింట్లోనే మొదలైంది. పిల్లలూ, మీరు కూడా అమ్మానాన్నలతో కలిసి ఇది చేసి చూడండి. గాజుగ్లాసులో నీళ్ళు పోసి చిటికెడు పసుపు కలపండి. అందులో అరచెంచా బేకింగ్ సోడా వేయండి. పసుపు రంగు నీళ్ళు ఎర్రబడతాయి! మన ఇళ్ళల్లో హారతికీ, దిష్టికీ వాడే ఎర్రనీళ్ళు పసుపులో సున్నం కలిపితే వచ్చేవే. కుంకుమ కూడా పసుపు బిడ్డే. పసుపు కొమ్ముల్ని నిమ్మరసం, వెలిగారం, పటికతో ఊరబెట్టి, ఎండబెట్టి, దంచి కుంకుమ చేస్తారు. సంస్కృతంలో కుంకుమ అంటే అసలు కుంకుమపువ్వు. మనం మాత్రం ఆ పేరు ఈ ఎర్రపొడికి పెట్టుకున్నాం.

ఇక్కడ ఒక జాగ్రత్త. షాపుల్లో దొరికే ఎర్రపొడులన్నీ పసుపుతో చేసినవి కావు. రట్గర్స్ యూనివర్సిటీ పరిశోధకులు అమెరికాలోనూ ఇండియాలోనూ కొన్న సిందూరాన్ని పరీక్షించి, చాలా నమూనాల్లో సీసం ఉందని 2017లో ప్రకటించారు. పసుపుతో చేసిందని తెలిసిన కుంకుమే వాడండి, పసిపిల్లల నోటికి అందనివ్వకండి.

ఇక పూజలో కుంకుమ సంగతి. ఎరుపు శక్తికి గుర్తు, అమ్మవారి రంగు. విజయవాడ ఇంద్రకీలాద్రి మీద కనకదుర్గమ్మకి, ఇక్కడ మన గుళ్ళలో అమ్మవారికి కుంకుమార్చన చేస్తారు. ఒక్కొక్క నామానికి ఒక్కొక్క చిటికెడు. అష్టోత్తరమైతే 108, లలితా సహస్రమైతే వెయ్యి. తెలంగాణలో బోనం కుండకి పసుపు, కుంకుమ పెడతారు. ఇంటి గడపకీ, కొత్త కారుకీ, దసరానాడు నా లాప్‌టాప్‌కీ బొట్టు పెడతాం. పూజ అయ్యాక అదే కుంకుమని పూజారిగారు ఆడ, మగ, చిన్న, పెద్ద తేడా లేకుండా అందరికీ ప్రసాదంగా ఇస్తారు.

గడపకీ లాప్‌టాప్‌కీ ఉన్న అర్హత మా అమ్మకి లేదా? అమ్మాయి ప్రశ్న అప్పుడు గుచ్చుకుంది.

1987లో న్యూజెర్సీలోని జెర్సీ సిటీలో భారతీయుల మీద దాడులు చేసిన ముఠా తన పేరు "డాట్ బస్టర్స్" అని పెట్టుకుంది. మన బొట్టుని వెక్కిరించే పేరు అది. బయటివాళ్ళు బొట్టు చూసి మనల్ని వేరుచేస్తే అన్యాయం అన్నాం. మరి మన ఇంట్లో మనమే బొట్టు లేదని ఒక మనిషిని వంటింట్లో కూర్చోబెడితే? కందుకూరి వీరేశలింగం పంతులుగారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరులో. అంతకాలం గడిచినా మన పేరంటాలు ఇంకా అక్కడే ఆగిపోయాయి.

ఇదంతా నేను అమ్మాయికి ఎలా చెప్పాలా అనుకుంటూ ఉండగా, తనే దారి చూపించింది. మరుసటి శుక్రవారం గుడిలో పూజారిగారు ఇచ్చిన కుంకుమని అమ్మ ఎప్పటిలాగే కాగితంలో మడిచి, ఇంటికొచ్చాక మా ఆవిడకి ఇవ్వబోయింది. అమ్మాయి చూసి, "అది నీకిచ్చిన ప్రసాదం కదా నానమ్మా? లడ్డూ అయితే నువ్వే తినేదానివిగా!" అంది.

అమ్మ నవ్వలేదు. కాసేపు ఆ కాగితం వైపే చూసింది. తర్వాత విభూతి కింద ఆవగింజంత బొట్టు పెట్టుకుని దేవుడి గదిలోకి వెళ్ళింది. మర్నాడు ఎవరో భోజనానికి వస్తున్నారంటే తుడిచేసుకుంది. మేమేమీ అనలేదు. డెబ్భై ఏళ్ళ అలవాటు ఒక్కరోజులో మారమంటే మారదు, బలవంతం చేయడానికి మనకి హక్కూ లేదు. ఆ పై శుక్రవారం మాత్రం ఎవరూ అడక్కుండానే మళ్ళీ పెట్టుకుంది.

నాదొక చిన్న మనవి. ఈసారి మీ ఇంట్లో పేరంటం జరిగితే, ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మల్నీ నానమ్మల్నీ వంటింట్లోంచి ముందుగదిలోకి పిలిచి పీట వేయండి. కుంకుమ భరిణె ముందు వాళ్ళ దగ్గరికే తీసుకెళ్ళండి. పెట్టుకుంటారో లేదో వాళ్ళిష్టం. అడగడం మాత్రం మన వంతు.

మళ్ళీ వచ్చే సంచికలో కలుద్దాం. సెలవు.